సున్నకు కాడ

మన ఊళ్ళలో గోడ ఖాళీగా ఉండదు. ఇల్లు కట్టి, పూత పూసి, రంగు వేయించి నెల తిరక్కముందే దాని మీద ఏదో ఒకటి ఎక్కుతుంది. ట్యూషన్ సెంటర్, మొలల వైద్యం, ఆడపిల్లలకు గదులు అద్దెకు, ఫలానా నాయకుడి పుట్టినరోజు. పండక్కి వెల్ల వేయించుకున్న ఇల్లాలు తిట్టుకుంటూనే అవన్నీ చదువుతుంది. నేనైతే తప్పకుండా చదువుతాను. బి.ఏ. తెలుగు చదివినందుకు నాకు మిగిలిన అలవాట్లలో ఇదొకటి, కంటబడిన అక్షరాన్ని వదిలిపెట్టలేను.

ఈ గోడరాతల్లో రెండు రకాలున్నాయి. కుంచె పట్టి నేరుగా రాసేది ఒకటి. రేకులో అక్షరాన్ని కోసి, ఆ రేకును గోడకు అదిమిపెట్టి, పైన రంగు అద్దేది రెండోది. రేకు తీస్తే అక్షరం గోడ మీద ఉంటుంది. స్టెన్సిల్ అంటారు కదా, అదే. మా ఇంట్లో మాత్రం 'రేకచ్చు' అనేవాళ్ళం. సంక్రాంతి ముందు తిరుపతి గాంధీ రోడ్డులో మనం కొనుక్కునే రంధ్రాల ముగ్గు ప్లేటు ఉందే, దానికి ఇది అక్క. ప్లేటులో పిండి పోసి చేత్తో రాస్తే ముగ్గు పడుతుంది. రేకు మీద రంగు అద్దితే ఓటు పడుతుంది.

ఈ మాట నాది కాదు, మా అత్తది. చిత్తూరులో మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు, పెయింటరు. నేను హైస్కూలూ ఇంటరూ వాళ్ళింట్లో ఉండే చదువుకున్నాను. షాపుల బోర్డులు, లారీల వెనక రాతలు, కరెంటు స్తంభాల మీద నంబర్లు, బెల్లం మండీలో గోనెసంచుల మీద వేసే వ్యాపారుల గుర్తులు, ఎన్నికలొస్తే పార్టీ గుర్తులు, అన్నీ చేసేవాడు. గుడిపాల దాటి తమిళనాడు వైపు పనికి పోతే తమిళ అక్షరాలు కూడా రాసేవాడు. ఊళ్ళో అందరికీ ఆయన చేతిరాత తెలుసు. ఆ రేకులు కోసేది ఎవరో మాత్రం ఎవరికీ తెలియదు. ఆ పని మా అత్తది.

రాత్రి అందరి అన్నాలు అయ్యాక, అంట్లు కడిగి, వంటింటి గడప దగ్గర పీట వేసుకుని కూర్చునేది. నూనె డబ్బాను విప్పి చదును చేసిన రేకు, చిన్న ఉలి, సుత్తి. సన్నటి పనికైతే పాత ఎక్స్‌రే ఫిల్ములు. వాటిని సోడా నీళ్ళలో నానబెట్టి నల్లటి పొర గీకేస్తే అద్దంలా తేటగా వచ్చేవి. కింద గీసిన గీత పైకి కనిపిస్తుంది కాబట్టి బ్లేడుతో కోయడం సులువు. ఎవరివో పక్కటెముకలు, ఎవరిదో విరిగిన చెయ్యి, నీళ్ళ తొట్లో అలా కరిగిపోతుంటే నేను గుడ్లప్పగించి చూసేదాన్ని.

రేకచ్చులో ఒక కిటుకు ఉంది. 'గ' అక్షరం కోస్తే ఇబ్బంది లేదు, అది తెరిచిన అక్షరం. కానీ 'ర' కోయాలంటే చుట్టూ కోయగానే నడిమి బిళ్ళ ఊడి కింద పడుతుంది. అప్పుడు గోడ మీద 'ర' బదులు ఒక రంగు ముద్ద పడుతుంది. అందుకని బిళ్ళను బయటి రేకుతో కలుపుతూ సన్నటి పట్టీ ఒకటి కోయకుండా వదలాలి. మా అత్త దాన్ని 'కాడ' అనేది. "సున్నకి కాడ పెట్టకపోతే నడిమిది రాలిపోతాది మే" అని నాకు నేర్పింది. ఇంగ్లీషులో ఓ, ఎ, బి లాంటి ఏడెనిమిది అక్షరాలకే ఈ బాధ. మన తెలుగు అక్షరాలు గుండ్రాలు కదా, క, ర, వ, మ, ఠ, చివర సున్న, ఎక్కడ చూసినా మూసుకున్న గుండ్రాలే. 'ఓటు వేయండి' అన్న రెండు మాటల్లోనే ఎన్ని కాడలో లెక్కపెట్టండి. కాడ మరీ సన్నగా పెడితే పది గోడలకే విరుగుతుంది. లావుగా పెడితే అక్షరం కుంటిదైపోతుంది. కోసిన మనిషికి ఆ రెంటి మధ్య కొలత తెలియాలి. నాలుగేళ్ళు వ్యాకరణం చదివాను గానీ తెలుగు అక్షరం లోపల ఎంత ఖాళీ ఉంటుందో నాకు చెప్పింది ఏడో తరగతితో చదువు ఆపిన మా అత్తే.

ఆమె ఇప్పటికీ చెప్పుకునే పని సైకిలు. 1982 మార్చి 29న ఎన్టీఆర్ పార్టీ పెట్టాడు. 1983 జనవరి 5న ఎన్నికలు. ఆయన మన తిరుపతిలో కూడా నిలబడి గెలిచాడు. మధ్యలో ఉన్నది తొమ్మిది నెలలు. అప్పుడు టీవీ ఎన్ని ఇళ్ళలో ఉంది? కొత్త పార్టీ, కొత్త గుర్తు జనానికి తెలియాలంటే గోడే దిక్కు. చెయ్యి గుర్తయితే ఒక్క కోతతో అయిపోతుందట. సైకిలంటే చక్రాలు రెండు, ఒక్కో చక్రం ఒక పెద్ద సున్న, దాని నడుమ ఇరుసు ఇంకో సున్న. ఊచలు కోస్తే ముక్కలన్నీ రాలిపోతాయి. మొదటి రేకు అలాగే పాడైంది. రెండోసారి ఊచల్ని అంచు దాకా పోనివ్వకుండా మధ్యలోనే ఆపి, చక్రానికి ఆరు చోట్ల కాడలు వదిలింది. అప్పటికి మా చిన్న బావ చంకలో బిడ్డ. ఆ రేకుతో చిత్తూరు నుంచి పూతలపట్టు దాకా సైకిళ్ళు పరిగెత్తాయి అంటుంది. అందులో కొంత గొప్ప ఉన్నా నాకు అభ్యంతరం లేదు.

ఇంకో రేకు గురించి చెప్పి తానే నవ్వుతుంది. కుటుంబ నియంత్రణ వాళ్ళ ఎర్ర త్రికోణం మీకు గుర్తుండే ఉంటుంది. తల్లకిందుల ముక్కోణం, పక్కన 'చిన్న కుటుంబం చింతలు లేని కుటుంబం'. ఆసుపత్రి గోడల మీద, బడి గోడల మీద అది లేని ఊరు ఉండేది కాదు. ఆ త్రికోణం కోసేనాటికి ఆమెకు మూడో కాన్పు నెలలు. "రేకు పొట్ట మీద ఆనించుకోని కోసినా. మీ మామ ఏమీ అనలే, నేనూ ఏమీ అనలే" అంటుంది. ఊరందరికీ చెప్పిన మాట ఇంట్లో చెల్లుబాటు కాకపోవడం మనకు కొత్తా?

ఇవన్నీ కూలికి కోసినవి. ఎవరో ఏదో రాయమంటే రాసినవి. తన కోసం, తన వీధి ఆడవాళ్ళ కోసం ఆమె కోసింది ఒక్కటుంది. తొంభైల్లో, నేను హైస్కూల్లో ఉండగా, ఆ పుకారు వచ్చింది. రాత్రిపూట ఒక ఆడ దయ్యం వీధుల్లో తిరుగుతుందనీ, మన వాళ్ళ గొంతుతోనే పేరు పెట్టి పిలుస్తుందనీ, పలికి తలుపు తీస్తే తెల్లారేసరికి మనిషి ఉండడనీ. విరుగుడు ఒకటే, తలుపు మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకోవడం. దయ్యం వస్తుంది, చదువుకుంటుంది, రేపు వద్దామని వెళ్ళిపోతుంది. రేపు వచ్చి మళ్ళీ అదే చదువుకుంటుంది. బెంగుళూరు వైపు 'నాళె బా' అని కన్నడంలో రాసుకున్నారు. 2018లో ఇదే కథతో హిందీలో 'స్త్రీ' సినిమా వచ్చి బాగా ఆడింది. మన పిల్లలకు అది సినిమా. మనలో నలభై దాటిన వాళ్ళకు రాత్రుళ్ళు దుప్పటి ముసుగులో బిగుసుకుపోయిన జ్ఞాపకం.

మా వీధిలో మొదట బొగ్గుతో, సుద్దముక్కతో, ఎర్రమన్నుతో ఎవరికి వచ్చినట్టు వాళ్ళు రాసుకున్నారు. చదువు రాని అవ్వలు బడిపిల్లల్ని బతిమాలి రాయించుకున్నారు. ఆ పిల్లలకు 'స్త్రీ' రాయడం వస్తే కదా! స కింద త వత్తు, మళ్ళీ ర వత్తు, పైన గుడి దీర్ఘం. ఒకచోట 'ఓ శ్రీ రేపు రా', ఇంకోచోట 'ఓ స్తీ రేపు రా'. అప్పుడు ఎదురింటి అవ్వకు పెద్ద అనుమానం వచ్చింది. తప్పు రాస్తే దానికి అర్థంగాక లోపలికి వచ్చేస్తుందేమో? ఆ భయం ఇల్లిల్లూ పాకింది. మా అత్త ఆ రాత్రే రేకు తీసింది. మామ ఊళ్ళో లేడు, మదనపల్లె పనికి పోయి ఉన్నాడు. నేను కాగితం మీద తప్పు లేకుండా రాసిచ్చాను, ఆమె కోసింది. పొద్దున్నే నీలిమందు కలిపిన సున్నంలో కాస్త తుమ్మ జిగురు వేసి, గుడ్డ ఉండ చేసుకుని, మేమిద్దరం ఇంటింటికీ వెళ్ళి అద్దాం. పదకొండు దాటేసరికి మా వీధే కాదు, పక్క వీధి ఆడవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. డబ్బులు ఎవరూ ఇవ్వలేదు, ఆమె అడగలేదు. ఒకరు చేటలో వేరుశనక్కాయలు ఇచ్చారు, ఒకరు మునక్కాయలు ఇచ్చారు. వీధంతా ఒకే చేతిరాతతో, ఒకే ఎత్తున, తప్పులేని తెలుగు. దయ్యం వచ్చి ఉంటే చదువుకోవడానికి దానికి ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

మామ తిరిగొచ్చి చూసి, "ఎవురు రాసింది, బాగుండాదే" అన్నాడు. అంతే. అంతకుమించి ఆ ఇంట్లో దాని గురించి మాట రాలేదు.

మామ చెడ్డవాడు కాదు. ఆమెను ఒక్క మాట అనేవాడు కాదు. పెయింటర్లందరిలాగే బోర్డుకు కుడివైపు కింద మూల తన పేరు, పక్కన 'ఆర్ట్స్, చిత్తూరు' అని రాసుకునేవాడు. ఆ పేరు రేకు కోసింది కూడా అత్తే. ఆ మూలలో రెండో పేరు పట్టే చోటుందని ఆయనకు తోచలేదు, ఆమెకూ తోచలేదు, అన్నేళ్ళు ఆ ఇంట్లో అన్నం తిన్న నాకూ ఆ వయసులో తోచే విషయం కాదు.

తర్వాత గోడలకు కష్టకాలం వచ్చింది. శేషన్ గారు ఎన్నికల కమిషనుకు పెద్ద అయ్యాక ఎన్నికల్లో ఇష్టం వచ్చినట్టు గోడలు నింపడానికి వీల్లేకుండా పోయింది. 1997లో మన రాష్ట్రంలో బహిరంగ స్థలాలను రాతలతో, పోస్టర్లతో పాడుచేయకూడదని ఏకంగా చట్టమే వచ్చింది. గోడ సొంతదారుగా నాకు ఆ చట్టం నచ్చుతుంది. పెయింటరు మేనకోడలిగా కడుపు తరుక్కుపోతుంది. అది చాలదన్నట్టు ఫ్లెక్సీలు దిగాయి. ఫోటో ఇస్తే సాయంత్రానికి గుడ్డంత బొమ్మ అచ్చయి వచ్చేస్తుంటే వారం రోజులు రాసే బోర్డు ఎవరిక్కావాలి? 2022లో ప్లాస్టిక్ ఫ్లెక్సీలు ఆపేస్తామని ప్రభుత్వం ప్రకటించినప్పుడు, మామ ఉండుంటే ఏమనేవాడో అనుకున్నాను. అప్పటికి ఆయన పోయి నాలుగేళ్ళు. చివరి రోజుల్లో బండ్ల నంబరు ప్లేట్లు రాసుకుంటూ గడిపాడు.

మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. దానికి ఈ గోడబొమ్మల పిచ్చి ఎక్కడి నుంచి వచ్చిందో నేను చెప్పక్కర్లేదు. ఇంగ్లండులో బ్రిస్టల్ అనే ఊరి నుంచి వచ్చిన బ్యాంక్సీ అనే ఆయన గురించి రోజూ చెబుతుంది. లండన్ లాంటి మహానగరం కాదు, మన తిరుపతిలా దానికొక లెక్కున్న ఊరు. ఆయన కూడా రేకచ్చులే వాడతాడు. పోలీసులు వచ్చేలోపు అద్దేసి వెళ్ళిపోవచ్చని. ఆయన కన్నా ముందే, 1981లో ప్యారిస్ వీధుల్లో బ్లెక్ ల రా అనే ఆయన ఎలుక బొమ్మల రేకులు కోసి గోడల మీద వేశాడట. మన హైదరాబాదులోనూ 2016లో ఖైరతాబాదు దగ్గర మక్తాలో ఇళ్ళ గోడల నిండా పెద్ద పెద్ద బొమ్మలు వేశారు. ఇక తిరుపతిలో మీరే చూస్తున్నారు, రోడ్డు పక్క గోడలన్నీ దేవుడి బొమ్మలతో రంగులమయం అయ్యాయి.

బ్యాంక్సీ అసలు పేరేమిటో ఆయన ఎప్పుడూ బయటపెట్టలేదు. పేరు దాచుకున్నందుకే లోకమంతా వెతుకుతోంది, ఆయన బొమ్మ కోట్లకు పోతోంది. మా అమ్మాయి ఈ మాట చెబుతుంటే నాకు మా అత్తే గుర్తొచ్చింది. ఆమె పేరూ ఎవరికీ తెలియదు. తేడా ఏమిటంటే ఆమె దాచలేదు, ఎవరూ అడగలేదు.

ఇంకో సంగతి కూడా ఆ పిల్లే చెప్పింది. ఇండోనేషియాలో ఒక గుహలో దాదాపు 40 వేల ఏళ్ళ నాటి చేతి గుర్తు ఉందట. రాతి మీద అరచెయ్యి ఆనించి, చుట్టూ ఎర్రమన్ను ఊదితే పడిన అచ్చు. అంటే మొదటి రేకు మనిషి చెయ్యే. ఫ్రాన్సు, స్పెయిన్ గుహల్లో అలాంటి చేతుల్ని డీన్ స్నో అనే అమెరికా శాస్త్రవేత్త వేళ్ళ పొడవులు కొలిచి, నాలుగింట మూడు వంతులు ఆడవాళ్ళ చేతులే అని 2013లో తేల్చాడు. కాదనే వాళ్ళూ ఉన్నారు. ఉండనివ్వండి. అంతవరకూ అవన్నీ వేటగాళ్ళైన మగవాళ్ళవే అని అనుకోవడానికి మాత్రం ఎవరికీ కొలత అవసరం పడలేదు చూడండి.

పోయిన ఏడాది అత్త కంటి ఆపరేషన్ కోసం తిరుపతి వచ్చి మా ఇంట్లో నెలన్నర ఉంది. అక్కడ చిత్తూరులో బావ పాత ఇల్లు పడగొట్టి కట్టిస్తున్నాడు. అటక మీది రేకులన్నీ పాత ఇనుము సామాన్ల వాడికి తూకానికి వేసేశారు. ఆమె ఒక్క సంచి మాత్రం తన పాత చీరలో చుట్టి తెచ్చుకుంది. "బట్టలనుకోని ఎవురూ ముట్టలే" అంది. విప్పి చూస్తే తుప్పు పట్టిన సైకిలు, ఎర్ర త్రికోణం, బెల్లం మండీ గుర్తులు, అడుగున 'ఓ స్త్రీ రేపు రా'. మొదటి 'ఓ' విరిగిపోయి ఉంది. 'స్త్రీ' చెక్కు చెదరలేదు.

మా ఇంటికి రోడ్డు వైపు గోడ ఒక సమస్య. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. పొద్దుగూకితే చాలు, మగవాళ్ళు వచ్చి నిలబడతారు. ఆ వాసనకు కిటికీ తీయలేం. 'ఇచ్చట మూత్రము పోయరాదు' అని రాయిస్తే దాని మీదే పోశారు. మా ఆయన అందరిలాగే దేవుళ్ళ టైల్స్ అంటిద్దామన్నారు. వెంకటేశ్వరస్వామి, ఏసు, మక్కా, వరసగా మూడూ. అత్త ఒప్పుకోలేదు. "దేవుడ్ని ఆడ కాపలాకి నిలబెడతారా అల్లుడూ? ఒగ తాగినోడొచ్చి పోస్తే పాపం వాడికా, పెట్టిన మీకా?" అంది. ఆయన మాట్లాడలేదు. మా అమ్మాయి 'ఓ స్త్రీ రేపు రా' ను మార్చి 'ఓ పురుషా ఇంటికి పో' అని కోద్దామంది. అందరం నవ్వాం. అత్త నవ్వి, తల అడ్డంగా ఊపింది.

కన్ను కుదుటపడ్డాక ఒక రాత్రి ఎక్స్‌రే ఫిల్ము అడిగింది. ఇప్పుడు అవెక్కడ, అన్నీ ఫోన్లోకే వస్తున్నాయి. నా మోకాలి నొప్పప్పటి పాత ఫిల్ము ఒకటి బీరువాలో ఉంటే ఇచ్చాను. నా మోకాలి మీద ఆమె ముగ్గు గీసింది. ఏడు చుక్కల తీగముగ్గు, గోడ కింది అంచున పక్కపక్కనే ఎన్నైనా అతుక్కుంటూ పోయేటట్టు. ముగ్గులో మూసుకున్న గుండ్రాలు మన అక్షరాల్లో కన్నా ఎక్కువ. కాడలన్నీ చుక్కల దగ్గర వచ్చేలా దాచింది. మా అమ్మాయి పక్కనే కూర్చుని బ్లేడు పట్టింది. రెండు ఆదివారాలు పట్టింది, గోడ పొడవునా ఎర్రమన్ను రంగు మీద తెల్లటి ముగ్గు.

మనూళ్ళో మగవాడు ఎంత తాగినా ముగ్గు తొక్కడానికి ఒక్క క్షణం ఆలోచిస్తాడని అత్త లెక్క. ఆ లెక్క పూర్తిగా నిజమైందని చెప్పను. ట్రాన్స్‌ఫార్మర్ వైపు చివర ఇంకా వాసన ఉంది. కానీ కిటికీ ఉన్న వైపు ఆగింది. ఆరు నెలలుగా నేను కిటికీ తీసుకునే వంట చేసుకుంటున్నాను.

పని అయ్యాక మా అమ్మాయి కుడివైపు కింద మూల చూపించి, "అవ్వా, ఇక్కడ నీ పేరు" అంది. ఆమె వద్దంది. ఎవరు చూస్తారంది, మీ అబ్బ పేరు వెయ్యమంది. పిల్ల ఒప్పుకోలేదు. నేనూ వెనక్కి తగ్గలేదు. రెండు రోజులు అలా మాటా మాటా అనుకున్నాం. మూడో రోజు పొద్దున కాఫీ తాగుతూ, "నా పేర్లో సున్న ఒకటుండాది, దానికి కాడ యాడ పెడతారో చూస్తా, తెండి" అంది. మాకు కోయడం రాదని తేలాక ఆమే కోసుకుంది. అరవై ఎనిమిదేళ్ళ వయసులో తన పేరు తాను కోయడం అదే మొదటిసారి. పక్కన 'చిత్తూరు' అని ఉండాలంది. తిరుపతి జిల్లా వేరైపోయింది కదా, మన రెండూళ్ళ మధ్య ఇప్పుడు హద్దుంది, పొరుగు జిల్లా పనిమంతురాలినని తెలియాలట. ఆ పేరు ఇక్కడ రాయను. గోడ మీద ఉంది.

మొన్న ధనుర్మాసం మొదలవగానే పక్కింటి ఆవిడా, వెనక వీధిలో ఇంకో ఇద్దరూ వచ్చి, మాకూ అలాంటి ముగ్గు గోడకు వేయించుకోవాలని ఉంది, ఆ అచ్చు ఇస్తారా అని అడిగారు. అచ్చు నాది కాదు, కోసినావిడను అడిగి చెబుతానన్నాను. చిత్తూరుకు ఫోన్ చేసి చెబితే అత్త కాసేపు ఏమీ మాట్లాడలేదు. మునక్కాయలకు ఒప్పుకుంటుందేమోనని నాకు లోపల భయంగానే ఉంది.

"గోడ ఎన్నడుగులో కనుక్కోమే," అంది చివరికి. "అడుగుకింతని చెప్తా."